బౌలింగ్ పోటీతో విరాళాలు సేకరించడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు ఏదైనా మంచి పనికి డబ్బు పోగుచేయాలనుకుంటే మొదట విందు భోజనం, దానికి తోడు ఒక పాటల కార్యక్రమం తలపెడతారు. హాలు అద్దె, సౌండు ఖర్చు, భోజనాల బిల్లు, ఇండియా నుంచి పిలిపించిన కళాకారుల విమాన టికెట్లు అన్నీ పోను చివరికి మిగిలింది చూసుకుని కార్యకర్తల ముఖాలు చిన్నబోవడం నేను చాలాసార్లు చూశాను. డాలస్ శివార్లలో ఉంటూ, కొన్నేళ్ళుగా మిత్రులతో కలిసి బౌలింగ్ (క్రికెట్‌లోది కాదు, లేను అనే నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి ఆ చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట) పోటీలు పెట్టి విరాళాలు సేకరిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని ఒకచోట చేర్చే కార్యక్రమం నాకు మరొకటి కనిపించలేదు. ఇది ఎండకూ వానకూ ఆగదు. ఐదేళ్ళ పిల్లవాడూ, మనవళ్ళను చూడవచ్చిన అమ్మమ్మా ఒకే జట్టులో ఆడవచ్చు. పరుగు పందేనికి కావలసిన రోడ్డు అనుమతులు, పోలీసు బందోబస్తు దీనికి అక్కరలేదు.

ఈ దేశంలో ఈ పద్ధతి పాతదే. బౌలర్స్ టు వెటరన్స్ లింక్ అనే సంస్థ 1942 నుంచి బౌలింగ్ ఆడేవాళ్ళ చందాలతో మాజీ సైనికులకు సేవ చేస్తోంది. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ శాఖలు ‘బౌల్ ఫర్ కిడ్స్ సేక్’ పేరుతో ఊరూరా నడిపే కార్యక్రమమూ ఇదే కోవకు చెందినది. ఇలాంటి కార్యక్రమాలకు ముఖ్యమైనదీ, మనవాళ్ళు చాలామంది పట్టించుకోనిదీ ఒకటుంది. ప్రవేశ రుసుము ఆట ఖర్చుకు మాత్రమే సరిపోతుంది. అసలు విరాళం ఆటకు ముందు కొన్ని వారాల పాటు ఆటగాళ్ళు తమ బంధుమిత్రులను అడిగి తేవలసిందే. రుసుము కాస్త పెంచి, మిగిలినదే విరాళమనుకుంటే మధ్యాహ్నమంతా కష్టపడి నాలుగు వందల డాలర్లతో ఇంటికి వస్తారు.

డబ్బు ఎవరికి చేరాలి?

లక్ష్యం ఒక్కటే ఉండాలి. రెండు మూడు సంస్థలకు పంచుతామంటే దాతకు ఏదీ మనసుకు పట్టదు. నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్ వంటి స్థానిక సంస్థను ఎంచుకుంటే పని సులువవుతుంది. దానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వారి 501(సి)(3) గుర్తింపు, అంటే సేవాసంస్థ అనే గుర్తింపు, ఉంటుంది కాబట్టి దాతలకు పన్ను మినహాయింపు, ఉద్యోగులకు కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చినంతే కంపెనీ కూడా కలిపి ఇవ్వడం) రెండూ దొరుకుతాయి.

సొంత ఊరి బడికో ఆసుపత్రికో పంపాలనుకుంటే మాత్రం హాలు చూసుకోకముందే కాగితాలు చూసుకోండి. ఇండియాలోని ట్రస్టుకు నేరుగా ఇచ్చిన డబ్బుకు ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. ఇక్కడ నమోదైన సంస్థ ద్వారా పంపాలంటే అక్కడి ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ (విదేశీ విరాళాలు తీసుకోవడానికి భారత ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండాలి, 2020 నాటి సవరణ ప్రకారం ఆ డబ్బు మొదట న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి, అందుకున్న ట్రస్టు దానిని మరో సంస్థకు మళ్ళించకూడదు. ‘ముందు వసూలు చేద్దాం, పంపే సంగతి తర్వాత చూద్దాం’ అనేవారి మాట వినకండి.

లేన్లు మాట్లాడుకోవడం

బౌలింగ్ సెంటర్లలో సెప్టెంబరు నుంచి వసంతకాలం దాకా లీగ్ ఆటలు (జట్లు వారం వారం ఆడే పోటీలు) నడుస్తాయి కనుక పనిదినాల సాయంత్రాలు దొరకవు. శనివారం రాత్రి దొరికినా అద్దె మండిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టడం ఉత్తమం. కనీసం రెండు నెలల ముందు మేనేజరును స్వయంగా కలిసి, తలకింత అనే ప్యాకేజీ అడగండి. రెండు గేములు, షూస్ అద్దె, పిజ్జా, కూల్‌డ్రింకు అందులోనే ఉండాలి. గంట లెక్కన అద్దెకు ఒప్పుకోకండి, ఎందుకంటే మనవాళ్ళు సమయానికి రారు, వచ్చేదాకా ఖాళీ లేన్లకు మీరు అద్దె కడుతూ కూర్చోవాలి.

సమయం లెక్క తేలికే. ఒక మనిషి ఒక గేము ఆడడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. లేనుకు ఐదుగురు, రెండు గేములు అంటే వంద నిమిషాలు. షూస్ తీసుకోవడానికీ బంతులు ఎంచుకోవడానికీ మరో అరగంట, బహుమతులకు ఇరవై నిమిషాలు కలిపితే రెండున్నర గంటలవుతుంది. ఆరుగురిని పెట్టకండి. ఆరో మనిషికి వంతు వచ్చేసరికి మొదటివాడు ఫోనులో మునిగిపోతాడు.

మాట్లాడుకున్నదంతా కాగితం మీద పెట్టించండి. మా మొదటి ప్రయత్నంలో ఒక సెంటరు వారు ఆరు గంటల దాకా లేన్లు మీవే అని నోటిమాటగా చెప్పారు. ఐదుంపావుకు లీగ్ ఆటగాళ్ళు సంచులతో వచ్చి వెనక నిలబడ్డారు, మా రెండో గేము పది ఫ్రేముల్లో (వంతుల్లో) ఏడో దానిలో ఉండగానే స్కోరు తెరలు ఆరిపోయాయి. లేన్ల సంఖ్య, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, పిల్లల లేన్లకు బంపర్లు (బంతి పక్క కాలువలో పడకుండా ఆపే అడ్డుకట్టలు), బయటి తిండి అనుమతి అనే ఐదు విషయాలూ ఒప్పందంలో ఉన్నాయో లేదో చూసి సంతకం చేయండి.

జట్లు, కెప్టెన్లు

ఇరవై లేన్లు తీసుకుంటే ఇరవై జట్లు, వంద మంది ఆటగాళ్ళు, ఇరవై మంది కెప్టెన్లు. బాగా ఆడేవాడిని కెప్టెన్ చేయకండి. నలుగురికీ మొహమాటం లేకుండా ఫోను చేయగలిగిన మనిషిని చేయండి. ప్రతి లేనుకు ఒక దాతను వెతకండి. కిరాణా దుకాణం, దంతవైద్యులు, పన్ను లెక్కలు చూసే సీపీఏ, ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ వంటి వారు లేను మీద తమ పేరు బోర్డు ఉంటుందంటే సంతోషంగా ఇస్తారు. ఆ డబ్బుతో హాలు ఖర్చు తీరిపోవాలి.

మాట ఇచ్చిన డబ్బు చేతికి వచ్చేదాకా

ఈ పనిలో తప్పటడుగు పడేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను.

బౌలింగ్ విరాళాలలో వాడుకగా వస్తున్న పద్ధతి పిన్నుకింత అని మాట తీసుకోవడం. ఆటగాడి స్కోరులో ఒక్కో పాయింటును ఒక పిన్నుగా లెక్కేసి, పిన్నుకు ఇన్ని సెంట్లు ఇస్తానని దాత సంతకం పెడతాడు. వినడానికి ఉత్సాహంగా ఉంటుంది కానీ లెక్క వేసి చూడండి. మామూలు మనిషి రెండు గేముల్లో 240 పాయింట్లు తెచ్చుకున్నాడనుకుందాం. పిన్నుకు 5 సెంట్ల చొప్పున వచ్చేది 12 డాలర్లు. అడిగితే 50 డాలర్లు ఇచ్చి ఉండే మనిషిని మీరే 12 డాలర్లకు దించారు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆ 12 డాలర్లు కూడా ఆట అయిపోయాక వసూలు చేయాలి. ఆట ముగిసిన మర్నాడు ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు.

మేము మొదటి ఏడాది ఆ పద్ధతిలోనే వెళ్ళాం. పోటీ అయిన రాత్రి వంటింటి బల్ల మీద ఆ కాగితాలన్నీ పరుచుకుని కూర్చున్నాను. ఒక పదేళ్ళ పిల్ల తెచ్చిన కాగితంలో పేరుకు ఎదురుగా పెన్సిలుతో 5 అని మాత్రమే ఉంది, పక్కన ఏ గుర్తూ లేదు, దాని మీద పిజ్జా నూనె మరక. అది 5 సెంట్లో 5 డాలర్లో తెలియక ఫోను చేస్తే, ‘మొత్తం కలిపి ఐదు డాలర్లండీ, పిన్నుకని నేను అనలేదు’ అన్నారు ఆ పెద్దమనిషి. ఆయన తప్పేమీ లేదు. అడిగిన తీరులోనే తప్పుంది. అలాంటి ఫోన్లు చేస్తూ రెండు నెలలు గడిపాం. పిల్లల మీద ప్రేమతో సంతకం పెట్టినవాళ్ళను అప్పులవాళ్ళలా వెంటాడవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

కాబట్టి నా నియమం ఒకటే. పిన్ను లెక్క వద్దు. ఇంత అని స్థిరమైన మొత్తం అడగాలి, అది ఆటకు ముందే సంస్థ ఖాతాలో పడాలి. ఆదివారం పోటీ అయితే గురువారం రాత్రితో జట్ల లెక్క ముగించండి. ఆ తర్వాత వచ్చిన డబ్బు విరాళమే కానీ బహుమతి లెక్కలోకి రాదని మొదటే చెప్పండి. గడువు ఉంటేనే కెప్టెన్లు కదులుతారు.

నాలుగు వారాల ముందు జట్టుకొక విరాళాల పేజీ తెరవండి. పేజీ తెరిచిన రోజే కెప్టెన్ తన వంతు వేయాలి. మొదటి పేరుకు ఎదురుగా 10 డాలర్లు కనిపిస్తే తర్వాత వచ్చేవాళ్ళూ పదే వేస్తారు, 100 కనిపిస్తే దానికి దగ్గరగా వేస్తారు. ఇది ఏటా తప్పకుండా చూస్తున్నాను.

అడగడం కూడా ఒక పద్ధతిలో జరగాలి. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే పది నమస్కారాలు, ఐదు బొటనవేళ్ళు వస్తాయి, డబ్బు రాదు. ఒక్కొక్కరికి విడిగా, వరస పెట్టి పిలిచి, ‘బాబాయ్, మా జట్టుకు మీ వంతుగా యాభై డాలర్లు అనుకుంటున్నాం, ఈ శుక్రవారంలోగా వేయగలరా?’ అని మొత్తమూ గడువూ చెప్పి అడగాలి. ‘మీకు తోచినంత’ అనకండి. ఆ మాట అవతలివారిని ఆలోచనలో పడేస్తుంది, ఆలోచనలో పడ్డవాళ్ళు వాయిదా వేస్తారు. ఇవ్వలేమంటే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి వదిలేయండి. రెండోసారి గుర్తుచేయవచ్చు, మూడోసారి అడగకూడదు.

ఇక్కడే మరో జాగ్రత్త. ప్రవేశ రుసుముకు ఒక లింకు, విరాళానికి మరో లింకు వేర్వేరుగా ఉండాలి. రెండూ కలిపేస్తే ఎవరిది ఎంత విరాళమో తేలదు, రసీదు రాయడం కుదరదు, కంపెనీ మ్యాచింగూ చిక్కుల్లో పడుతుంది. ఉద్యోగి ఇచ్చిన విరాళానికి అంతే మొత్తం కంపెనీ కలిపి ఇచ్చే ఈ ఏర్పాటు మనవాళ్ళు పనిచేసే చాలా పెద్ద కంపెనీల్లో ఉంది, బెనెవిటీ వంటి వేదికల ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆటకూ భోజనానికీ కట్టిన డబ్బుకు సాధారణంగా అది వర్తించదు. విరాళం వేసిన రోజే ఆ దరఖాస్తు కూడా నింపమని కెప్టెన్లు ఒత్తిడి చేయాలి. ‘తర్వాత నింపుతాను’ అన్నవాళ్ళలో ఎక్కువమంది నింపరు, అలా కోల్పోయేది మీ వసూలులో సగం కావచ్చు.

పిన్ను లెక్క లేకపోతే ఆటలో పస ఉండదని వాదించేవారుంటారు. వారి కోసం ఒక్క మినహాయింపు ఉంది. వ్యాపారి ఎవరైనా ఒకరిని ఒప్పించి, ఆ రోజు అన్ని లేన్లలో కలిపి పడే ప్రతి స్ట్రైకుకు (మొదటి బంతికే పది పిన్నులూ పడితే స్ట్రైకు) 5 డాలర్లు, మొత్తం మీద 500కు మించకుండా, అని రాతపూర్వకంగా తీసుకోండి. దాత ఒక్కరే, పరిమితి ముందే తెలుసు, చెక్కు ఆ సాయంత్రమే అందుతుంది. ఎవరు స్ట్రైకు కొట్టినా హాలంతా కేకలు వేస్తుంది.

ఆట రోజు

షూస్ సైజులు వారం ముందే జట్లవారీగా రాసి సెంటరుకు పంపండి. కౌంటరు దగ్గర వంద మంది బారులు తీరడం దీనితో తప్పుతుంది. సాక్సులు ఒక పెట్టెడు కొని ఉంచండి. పెద్దవాళ్ళు చెప్పులతో వస్తారు, సాక్సులు లేక ఆడకుండా కూర్చుండిపోతారు. గీత దాటి లేను మీద అడుగు పెట్టవద్దని మైకులో రెండుసార్లు చెప్పండి. లేను మీద నూనె పూసి ఉంటుంది, అది షూస్‌కు అంటితే కాలు జారుతుంది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకోవాలి.

చిన్నపిల్లలకూ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ బంతిని దొర్లించే ర్యాంపులు సెంటరులోనే ఉంటాయి, అడిగి తెప్పించండి. కిందటిసారి ఒక మామ్మగారు ర్యాంపు వద్దని, ఎనిమిది పౌండ్ల బంతిని రెండు చేతులా పట్టుకుని వంగి వదిలారు. ఆ అరవై అడుగులూ బంతి దొర్లుతూ దొర్లుతూ పోతుంటే అటూ ఇటూ నాలుగు లేన్లవాళ్ళు ఆట ఆపి చూశారు. చివరికి మధ్య పిన్నును తాకి, ఒకదాని వెనక ఒకటిగా ఏడు పడ్డాయి. ఆ జట్టుకు ఆ సాయంత్రం వచ్చిన అదనపు విరాళాలన్నీ ఆ వీడియో చూసి ఇచ్చినవే.

మొదటి బహుమతి ఎక్కువ విరాళం తెచ్చిన జట్టుకే ఇవ్వాలి, ఎక్కువ స్కోరుకు రెండో స్థానం చాలు. లాటరీ టికెట్లు అమ్మాలనుకుంటే మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. టెక్సస్‌లో ఇలాంటి లాటరీలో నగదు బహుమతి ఇవ్వకూడదు, టికెట్టు కొన్న డబ్బుకు పన్ను మినహాయింపు ఎక్కడా లేదు.

రసీదులు

వారం లోపల అందరికీ రసీదులు వెళ్ళాలి. 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చినవారికి సంస్థ రాతపూర్వక రసీదు లేకపోతే మినహాయింపు దొరకదు. ఒకే చెల్లింపులో కొంత విరాళం, కొంత ఆట ఖర్చు కలిసి ఉండి అది 75 డాలర్లు దాటితే, వారు అందుకున్న ఆట, భోజనం విలువ ఎంతో సంస్థ తప్పనిసరిగా రాసివ్వాలి. 100 డాలర్లు కట్టి 30 డాలర్ల విలువైన ఆట ఆడినవారికి 70 డాలర్లకే మినహాయింపు. లింకులు వేరు చేయమన్నది ఇందుకు కూడా.

మొత్తం ఎంత వచ్చింది, ఖర్చు ఎంత, సంస్థకు చేరింది ఎంత అనే మూడు అంకెలూ చెక్కు ఫోటోతో సహా దాతలందరికీ పంపండి. కంపెనీల మ్యాచింగ్ డబ్బు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది కనుక మీ లెక్కల పట్టికను వెంటనే మూసేయకుండా, దరఖాస్తు నింపినవారి పేర్లు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటి అందిన కొద్దీ కొట్టివేస్తూ రండి.