తెలుగు వెబ్‌పేజీని అందరూ చదవగలిగేలా తయారుచేయడం ఎలా?

వెబ్‌పేజీ తయారుచేసేవారికి దాన్ని ఎవరు, ఎలా చదువుతారో ముందుగా తెలియదు. కొందరు చిన్న ఫోన్‌లో చూస్తారు, కొందరు అక్షరాలను రెండింతలు చేసుకుంటారు, చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో చదివించుకుని వింటారు. పేజీ రాసేవారూ, బ్రౌజర్, స్క్రీన్ రీడర్ తయారుచేసేవారూ ఒకే ప్రమాణాలను పాటిస్తేనే ఒకే పేజీ వీరందరికీ పనికొస్తుంది.

తెలుగు పేజీలో మొదట చూసుకోవలసింది యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం. అచ్చుపని కోసం వాడే అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠం తెర మీద తెలుగులా కనిపించినా, అడుగున ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులు వస్తాయి, స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, వెతికితే ఒక్క తెలుగు పదమూ దొరకదు. దాన్ని బొమ్మగా మార్చి పెట్టడం ఇంకా నష్టం. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ సరిగా వచ్చాయో లేదో చదివి చూసుకోవాలి.

వెబ్‌పేజీని హెచ్‌టీఎంఎల్ అనే భాషలో రాస్తారు; ఏ భాగం ఏమిటో బ్రౌజర్‌కు చెప్పే గుర్తులే ట్యాగులు. తరువాత పేజీ మొదట్లోని హెచ్‌టీఎంఎల్ ట్యాగులో, పేజీ భాషను తెలిపే లాంగ్ (lang) విలువగా తెలుగు సంకేతమైన ‘టీ, ఈ’ (te) అక్షరాలను ఇవ్వాలి. రెడీమేడ్ టెంప్లేట్లలో అక్కడ తరచుగా ఇంగ్లీషు సంకేతమే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తడబడవచ్చు.

శీర్షికలకు శీర్షిక ట్యాగులే వాడాలి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ వాడేవారు ‘హెచ్’ మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు వెళతారు. ఉత్త బోల్డ్ అక్షరాలను ఆ మీట గుర్తించదు.

ఎక్కువ మంది ఆగిపోయేది ఫారాల దగ్గరే. డివ్‌కు, అంటే ప్రత్యేక అర్థమేమీ లేని ఉత్త పెట్టె ట్యాగుకు, రంగు వేసి బటన్‌లా చూపిస్తే మౌస్‌తో పనిచేస్తుంది గానీ, ట్యాబ్ మీట దాని దగ్గర ఆగదు. బటన్ ట్యాగు వాడితే కీబోర్డు పని అంతా బ్రౌజరే చూసుకుంటుంది. ‘పుట్టిన తేదీ’ అని గడి పక్కన రాసి ఊరుకోకుండా, లేబుల్ ట్యాగుతో ఆ గడికి ముడిపెట్టాలి. అప్పుడు వినేవారికి ఏం నింపాలో తెలుస్తుంది, చేయి వణికేవారు ఆ మాట మీద తాకినా గడి తెరుచుకుంటుంది. దరఖాస్తును ఇంకొకరి చేత నింపించుకోవలసిన అగత్యం దీంతో చాలావరకు తప్పుతుంది.

బొమ్మలకు ఆల్ట్ వివరణ, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు, ఇవ్వాలి. మామూలు సైజు అక్షరాల రంగుకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని, వెబ్‌పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుగు ఒత్తులు చిన్నవి కాబట్టి జూమ్‌ను ఎన్నడూ ఆపకూడదు. అవి కింది వరుసకు తగలకుండా వరుస ఎత్తు అక్షరాల సైజుకు ఒకటిన్నర రెట్లయినా ఉండాలి.

చివరగా మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే ఫారం నింపి చూడాలి. ఆ తరువాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేసి, తెర చూడకుండా పేజీ మొత్తం విని, ఎక్కడ ఆగిపోయారో అక్కడి ట్యాగును సరిచేయాలి.