మందుల గడువు తేదీ, భద్రపరచే తీరు

మందు పెట్టెపై అచ్చువేసిన గడువు తేదీ, ఆ మందును సీల్ తీయకుండా, సూచించిన ఉష్ణోగ్రతలో ఉంచినప్పుడే వర్తిస్తుందన్న సంగతిని చాలామంది గమనించరు. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు గడువు ఉన్నట్లే. అయితే కంటి చుక్కల మందు సీసాను తెరిచాక, చాలా రకాలను 28 రోజులకే పారవేయాలి. నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ సాధారణంగా 7 నుంచి 14 రోజులకు మించి నిలవదు. అందుకే మూత తీసిన రోజే ఆ తేదీని సీసాపై పెన్నుతో రాసిపెట్టండి.

గడువు దాటిన ప్రతి మాత్రా విషమైపోతుందనడం సరికాదు. అమెరికా సైనిక నిల్వల కోసం 1986లో మొదలైన పరీక్షల్లో, సరిగా భద్రపరచిన అనేక మందులు గడువు తరువాత కూడా సత్తువ కోల్పోలేదని తేలింది. కానీ అవి సీల్ తీయని నిల్వలు. స్నానాలగది అరలోనో, పొయ్యి పక్కనో తేమకూ వేడికీ గురైన మాత్రలకు ఆ భరోసా లేదు. ఆస్పిరిన్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే, తేమ తగిలి ఆ మందు విచ్ఛిన్నమవుతోందని అర్థం.

ఇన్సులిన్, తీవ్రమైన అలర్జీకి వాడే ఎపినెఫ్రిన్, గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ వంటి వాటి శక్తి తగ్గితే ప్రాణానికే ముప్పు కనుక, వాటిని గడువు ముగియకముందే తప్పనిసరిగా మార్చుకోవాలి. నైట్రోగ్లిజరిన్ మాత్రలను వాటి గాజు సీసాలోంచి తీసి వేరే పెట్టెలో పోయకూడదు.