ఫైలు తేదీని చూసి వెర్షన్ తేల్చకండి

అప్‌డేట్ సరిగా ఎక్కిందో లేదో చూసుకోవడానికి చాలామంది ముందుగా ఫోల్డర్ తెరిచి, 'డేట్ మాడిఫైడ్' కింద ఉన్న తేదీ కొత్తదా పాతదా అని చూస్తారు. ఆ తేదీకీ వెర్షన్‌కూ నేరుగా సంబంధం లేదు. లినక్స్ సర్వర్‌లో 'సీపీ' కమాండ్‌తో నిరుటి ఫైలును మరోచోటికి కాపీ చేస్తే దానికి ఈ నిమిషపు తేదీ పడుతుంది, అదే 'మైనస్ పీ' అనే ఆప్షన్ చేరిస్తే నిరుటి తేదీయే నిలుస్తుంది. అనేక ఫైళ్లను ఒకటిగా కట్టిన టార్ ఫైలును విప్పితే ప్యాకేజీ తయారుచేసినవారి యంత్రంలో ఉన్న తేదీ వస్తుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పాత ట్యాగ్‌కు (పేరు పెట్టి గుర్తించిన వెర్షన్‌కు) వెనక్కి వెళితే మారిన ఫైళ్లన్నింటికీ ఇవాళ్టి తేదీ వస్తుంది కనుక, రోల్‌బ్యాక్ చేసిన పాత కోడ్ కూడా తేదీని బట్టి సరికొత్తగానే కనబడుతుంది. నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ రకంలోనైతే ప్యాకేజీ ఫైళ్లన్నీ 1970 జనవరి 1వ తేదీనే చూపిస్తాయి!

కాలమండలాల చిక్కు వేరే ఉంది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో నడిచే సర్వర్ మీద మన సమయం ప్రకారం రాత్రి 2 గంటలకు వేసిన అప్‌డేట్, అక్కడ ముందురోజు రాత్రి 8:30గా నమోదవుతుంది. ఎఫ్‌ఏటీ32 అనే ఫైల్ వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవ్ స్థానిక సమయాన్నే రాసుకుంటుంది, అది కూడా 2 సెకన్ల ఖచ్చితత్వంతోనే. అందువల్ల రెండు చోట్ల ఉన్న ఫైళ్లలో ఏది కొత్తదో తేదీలు పోల్చి నిర్ణయించడం ప్రమాదకరం.

విండోస్‌లో ఈఎక్స్ఈ లేదా డీఎల్ఎల్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'ఫైల్ వెర్షన్' చూడండి. డెబియన్, ఉబుంటులలో 'డీపీకేజీ మైనస్ ఎస్', రెడ్‌హ్యాట్ కుటుంబంలో 'ఆర్‌పీఎం మైనస్ క్యూ' కమాండ్‌కు ప్యాకేజీ పేరు ఇస్తే వ్యవస్థాపితమైన వెర్షన్ తెలుస్తుంది. వెర్షన్ సంఖ్యే లేని స్క్రిప్టులు, కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంకేతం) తీసి, విడుదల సమయంలో దాచుకున్న హాష్‌తో సరిచూడాలి. ఇందుకు లినక్స్‌లో 'ఎస్‌హెచ్‌ఏ256సమ్', పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హాష్' ఉన్నాయి. మీరు స్వయంగా తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయితే, బిల్డ్ జరిగేటప్పుడే వెర్షన్ సంఖ్యనూ గిట్ కమిట్ (నమోదు చేసిన మార్పు) గుర్తునూ ఒక చిన్న ఫైలులో రాయించి దాన్ని ప్యాకేజీలో చేర్చడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన అలవాటు.

తేదీలు బొత్తిగా పనికిరావని కాదు. నిన్న రాత్రి ఏయే ఫైళ్లు కదిలాయో వెతకడానికి అవి చక్కగా ఉపయోగపడతాయి. ముఖ్యంగా ఫైలు వివరాలు తెలిపే 'స్టాట్' కమాండ్ చూపే 'చేంజ్' సమయాన్ని, ఫైలు తేదీలు మార్చే 'టచ్' కమాండ్‌తో కోరిన తేదీకి మార్చలేరు కనుక దాన్ని కొంత ఎక్కువగా నమ్మవచ్చు, కాకపోతే అనుమతులు మార్చినా అది మారిపోతుంది.

డిస్కు మీది ఫైలు కొత్తదని రుజువైనా, సర్వీసును రీస్టార్ట్ చేయకపోతే మెమరీలో పాత కోడే నడుస్తూ ఉంటుంది. లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ల వివరాలుండే 'ప్రాక్' డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య కింద ఉన్న 'ఈఎక్స్ఈ' లింకు పక్కన 'డిలీటెడ్' అని కనిపిస్తే, నడుస్తున్నది తొలగించిన పాత ఫైలేనని గ్రహించి సర్వీసును రీస్టార్ట్ చేయండి.