ఫ్లాట్‌కార్‌కి డెక్కే మొహం: పెయింటింగ్, వెదరింగ్ నేను చేసే పద్ధతి

మోడల్ రైళ్లలో బాక్స్‌కార్‌ని (మూసిన పెట్టెలాంటి వ్యాగన్) పక్క నుంచి చూస్తాం కానీ ఫ్లాట్‌కార్‌ని (గోడలూ కప్పూ లేని వ్యాగన్) లేఅవుట్ మీద, అంటే మోడల్ పట్టాల సెటప్ మీద, ఎప్పుడూ పైనుంచే చూస్తాం, కంటికి ముందు ఆనేది డెక్కే, అంటే సరుకు పెట్టే పలకల నేల. చాలామంది వెదరింగ్‌లో (మోడల్‌ని ఎండావానకి పాతబడ్డ బండిలా చేయడం) పక్కలకి తుప్పు అద్భుతంగా వేసి డెక్‌ని మాత్రం ఒకే బ్రౌన్‌లో వదిలేస్తారు, అక్కడే అది బొమ్మ బండి అని తెలిసిపోతుంది. హెచ్ఓ స్కేల్లో (అసలు బండిలో సుమారు 87వ వంతు) 53 అడుగుల 6 అంగుళాల కారు అంటే సుమారు 19 సెంటీమీటర్లే, అయినా నేను సగం టైం పైనే డెక్ మీద పెడతా.

ముందు ట్రక్కులు (చక్రాల సెట్లు), కప్లర్లు (బండ్లని కలిపే కొక్కేలు) విప్పేసి బాడీని డిష్ సోప్ నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి, జిడ్డు ఉంటే పెయింట్ పట్టదు. తర్వాత బాడీ కలర్ పల్చగా రెండు కోట్లు. డెకాల్స్ (అక్షరాలు, నంబర్ల పల్చని స్టిక్కర్లు) వేసేదుంటే మెరిసే గ్లాసీ కోట్ మీదే వేయండి, మెరుపు లేని మ్యాట్ మీద వేస్తే అంచుల కింద గాలి ఇరుక్కుని వెండిలా మెరుస్తుంది. అవి ఆరాక మ్యాట్ కోట్.

ఇక డెక్. ప్లాస్టిక్ డెక్ అయితే పెయింట్‌కి ముందే రేజర్ సా అనే సన్న రంపం పళ్లతో మెల్లగా గీకి చెక్క గీతలు తెప్పించండి, పలకలు బండికి అడ్డంగా ఉంటాయి కాబట్టి గీతలు కూడా అడ్డంగానే పోవాలి. బేస్‌గా గ్రే కలిపిన టాన్ వేయండి, ఎండకీ వానకీ పడున్న చెక్క బూడిద రంగుకి తిరుగుతుంది గానీ చాక్లెట్ రంగులో ఉండదు. ఆరాక సన్న బ్రష్ తీసుకుని ఒక్కో పలకకి కొంచెం తేడాగా నాలుగైదు షేడ్లు వేసుకుంటూ పోండి, విసుగే కానీ మొత్తం అందం ఇక్కడే ఉంది. కొత్తగా మార్చిన పలకలు చూపించాలంటే రెండు మూడు పక్కపక్కనే లేత పసుపు చెక్క రంగులో వేయండి, బరువు పడి విరిగిన చోట రిపేర్ చేసినట్టు ఉంటుంది, అక్కడొకటి ఇక్కడొకటి వేస్తే చదరంగం బల్లలా తయారవుతుంది.

దీని మీద నల్ల వాష్, అంటే బాగా పల్చన చేసిన రంగు. 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ఒక టీస్పూన్ ఇండియా ఇంక్ (నల్ల సిరా) కలిపితే పలకల సందుల్లోకి దానంతట అదే పాకుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, నేను ఒకసారి మ్యాట్ లాకర్ (ఒక రకం వార్నిష్) కొట్టిన డెక్ మీద ఈ వాష్ వేస్తే ఆరేసరికి మొత్తం తెల్లగా పాలిపోయింది, మళ్లీ మ్యాట్ కొడితే గానీ మామూలవలేదు. సరిగ్గా ఆరని అక్రిలిక్ పెయింట్‌ని కూడా ఆల్కహాల్ కరిగించేస్తుంది, డౌట్ ఉంటే నీళ్లలో ఒక చుక్క సోప్ వేసి అక్రిలిక్ వాష్ చేసుకోండి. ఆరాక బ్రష్‌ని టిష్యూకి తుడిచేసి దాదాపు పొడిగా ఉన్నప్పుడు లేత గ్రేతో పైపైన డ్రై బ్రష్ చేస్తే ఇందాక గీకిన గీతలన్నీ పైకి లేస్తాయి.

నిజం చెక్క డెక్ అయితే అతికించక ముందే రంగు పట్టించండి, గ్లూ అంటిన చోట స్టెయిన్ పీల్చుకోదు.

పక్కల మీద ఎక్కువ పని ఉండదు. స్టేక్ పాకెట్ల (పక్కన గుంజలు దించే గూళ్లు) కింద తుప్పు రంగు పౌడర్ చిటికెడు పెట్టి తడి బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్కసారి లాగండి, నీళ్లు కిందికే కదా కారేది. ట్రక్కులకి మట్టి రంగు. చక్రాల దగ్గర మాత్రం మీ మోడల్ ఏ కాలానిదో చూసుకోండి, పాత ప్లెయిన్ బేరింగ్ (నూనె మీద ఇరుసు తిరిగే రకం) ట్రక్కులు నూనె కారేవి కాబట్టి చక్రం మొహం నల్లగా జిడ్డుగా ఉంటుంది, రోలర్ బేరింగ్‌వి అయితే తుప్పు బ్రౌన్. పట్టా మీద దొర్లే భాగానికీ ఇరుసు మొనలకీ పెయింట్ అస్సలు తగలకూడదు.

సీల్ చేసే మ్యాట్ కోట్‌కి పౌడర్లు సగానికి సగం మాయమవుతాయి, అందుకే ముందే కాస్త ఎక్కువ వేసుకోండి, కోట్‌ని దూరం నుంచి పల్చగా కొట్టండి. పైన లోడ్ పెట్టేవాళ్లు దాని కింద డెక్‌ని కూడా వదలొద్దు, ఏదో ఒక రోజు లోడ్ తీసి ఖాళీ కారుగా నడపాలనిపిస్తుంది. అప్పుడు ఆ పలకల మీద సరుకు కదలకుండా కొట్టే బ్లాకింగ్ చెక్కల విరిగిన ముక్కలు రెండు, తుప్పు పట్టిన వైరు ముక్క ఒకటి అతికించి ఉంటే అప్పుడే సరుకు దింపిన బండిలా ఉంటుంది.