అంబాసిడర్ ఇంజిన్ విప్పారా? ఆయిల్ ప్రెషర్ విషయంలో ఈ ఒక్కటి గుర్తుంచుకోండి

పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) చేశాక, ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆయిల్ ప్రెషర్ తక్కువ చూపిస్తే చాలామంది రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద వాషర్లు పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ వాల్వ్ పని ప్రెషర్ హద్దు దాటకుండా చూడటమే. ఐడిలింగ్‌లో అది ఎలాగూ మూసుకునే ఉంటుంది, కాబట్టి స్ప్రింగ్ బిగించినా అక్కడ గేజ్ ముల్లు పెరగదు. చల్లటి ఇంజిన్‌లో మాత్రం ప్రెషర్ అనవసరంగా పెరిగిపోతుంది.

ముందుగా, ఇంజిన్ బ్లాక్ వెనకవైపు ఉన్న గుండ్రటి తల నట్ విప్పి, ఆ వాల్వ్ లోపల కదిలే ముక్క, అంటే ప్లంజర్ తీసి చూడండి. అది ఆనే సీటు మీద గీతలున్నా, చెత్త ఇరుక్కున్నా అక్కడే ఆయిల్ జారిపోతుంది. అది బాగానే ఉంటే బేరింగ్ క్లియరెన్స్ (బేరింగుకీ షాఫ్టుకీ మధ్య సందు), ఆయిల్ పంపు చూడాల్సిందే, వేరే దారి లేదు.

కొలవడానికి డాష్‌బోర్డ్ మీద లైటును నమ్మొద్దు, మెకానికల్ గేజ్ పెట్టండి. బండిని అరగంట నడిపి, ఆయిల్ బాగా వేడెక్కాకే చూడండి. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు 50 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర, ఐడిలింగ్‌లో 15 ఉంటే నాకు ఏ టెన్షనూ ఉండదు.

అన్నట్టు, మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, గేజ్ ముల్లు కదిలేదాకా సెల్ఫ్ కొట్టండి. కొత్త బేరింగులు పొడిగా తిరగకూడదు.