బండి వణుకు ఇంజన్‌దా, చక్రాలదా? క్లచ్ చెప్తుంది

కర్నూలు నుంచి అనంతపురం హైవేలో 80 దాటగానే క్రూయిజర్ బైక్ హ్యాండిల్, ఫుట్‌రెస్టులు జుమ్మంటున్నాయా? ఒక్కో పార్టూ మార్పించే ముందు ఇది చూడండి.

ముందూ వెనకా బండ్లు లేని తిన్నటి రోడ్డు మీద, వణుకొచ్చే స్పీడులో యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పూర్తిగా నొక్కండి. వణుకు ఆగితే ఇంజన్ వైపు, ఆగకపోతే చక్రాల వైపు.

ఇంజన్ వైపైతే బండి ఆపి న్యూట్రల్‌లో రేజ్ చేయండి. అక్కడా వణికితే, చల్లారాక ఇంజన్ మౌంటింగ్ బోల్టులు, సైలెన్సర్ క్లాంపు బిగువు చూడాలి. ఎక్కువసార్లు వదులయ్యేది ఇవే. న్యూట్రల్‌లో ఏమీ లేకుండా లాగేటప్పుడే గరగరమంటే చైన్. ఇంజన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ నాలుగు చోట్ల స్లాక్, అంటే చైన్ పైకీ కిందికీ ఎంత ఆడుతుందో కొలవండి. చాలా బండ్లకు 25-30 మి.మీ. ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఎంతుందో అదే లెక్క. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు ఉంటే అడ్జస్ట్ చేసి లాభం లేదు, స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) సహా చైన్ సెట్టు మార్చాలి.

చక్రాల వైపైతే పొద్దున్నే గాలి చెక్ చేయండి. కడప ఎండలో తిరిగొచ్చిన టైరు ఎక్కువ చూపిస్తుంది. స్పోకులను స్పానర్‌తో తట్టండి, ఖంగుమనకుండా మొద్దుగా మోగేది వదులు. చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక కదిలేది బేరింగ్.

ఒక్క జాగ్రత్త: ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడొస్తుంటే ఈ టెస్టు వద్దు. వెంటనే ఆపి ఆయిల్ లెవెల్ చూసి, ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.