వరి తెగుళ్ళ గుర్తింపు – 3వ పాఠం: గాజు గ్లాసు పరీక్ష

పోయిన పాఠంలో అగ్గి తెగులుకు నూలు కండె ఆకారపు మచ్చ గుర్తు అనుకున్నాం. ఈసారి తెగులుకు అలాంటి మచ్చ ఉండదు. ఆకు కొన దగ్గర మొదలై, అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగుతూ వచ్చి, చివరికి ఆకు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. ఇది బాక్టీరియా ఎండాకు తెగులు.

చిక్కేమిటంటే, పొటాష్ లోపించినా కొనలూ అంచులూ ఇలాగే మాడతాయి. నేను ఒక ఏడాది దీన్ని శిలీంధ్రం అనుకుని రెండుసార్లు మందు కొట్టాను. తెగులు తగ్గలేదు, డబ్బు మాత్రం పోయింది. అప్పటి నుంచి గ్లాసు లేకుండా మడిలో దిగను.

పసుపు, పచ్చ కలిసేచోట ఆకును అడ్డంగా కత్తిరించండి. పూర్తిగా ఎండిన ముక్క పనికిరాదు. కోసిన కొనను గాజు గ్లాసులోని తేటనీటిలో ముంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కాసేపు కదపకుండా ఉంచండి. కోసిన చోటి నుంచి పొగలా, దారాల్లా తెల్లటి జిగురు కిందికి జారితే అది బాక్టీరియానే. ఈ సూక్ష్మజీవి ఆకులో నీరు పారే గొట్టాల్లోనే కాపురం పెట్టి పెరుగుతుంది. గొట్టం తెగగానే లక్షల్లో బయటికి వస్తుంది. పోషక లోపమైతే నీరు తేటగానే ఉంటుంది.

గ్లాసు లేకపోతే తెల్లవారుజామున వెళ్ళండి. ఆకు మీద పాలరంగు బొట్లు కనిపిస్తాయి. ఎండెక్కాక అవే గట్టిపడి పసుపు పూసల్లా మారి, నీటిలో రాలి పక్క మడికి పోతాయి.

నాటిన రెండు మూడు వారాల్లో దుబ్బు మొత్తం వాడిపోతే కాండం తొలుచు పురుగు మీద నింద వేయకండి. మొవ్వును, అంటే నడిమి లేత ఆకును, లాగి చూడండి. పురుగు పనైతే సులువుగా ఊడివస్తుంది, దాని అడుగు కొసన కొరికిన గుర్తు ఉంటుంది. తెగులైతే పిలక మొదలును వేళ్ళతో నొక్కినప్పుడు పసుపు జిగురు కారుతుంది. నారు కొనలు తుంచి నాటే అలవాటు ఉన్నచోట ఇది ఎక్కువ, ఎందుకంటే తుంచిన గాయమే దానికి దారి. గాలివాన తర్వాత ఉధృతి పెరగడానికీ కారణం ఆకులకు అయ్యే ఇలాంటి గాయాలే.

తెగులు కనబడగానే యూరియా ఆపండి. వీలైతే ఆ మడి నీరు పక్క మడిలోకి వదలకండి. ఎండిన ఆకును తిరిగి పచ్చగా చేసే మందు లేదు. ఏటా ఈ బెడద ఉన్నవారు వచ్చే పంటకు విత్తనం మార్చడం మేలు. హైదరాబాదు శాస్త్రవేత్తలు సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులు చేర్చి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లోనే విడుదలైంది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

అభ్యాసం: మీ పొలంలో మూడు చోట్ల పసుపు తిరిగిన ఆకులు కోసి, మూడు గ్లాసుల్లో పరీక్షించండి. ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆకును సూర్యుడికి ఎదురుగా పట్టి, దాని నరాల (ఈనెల) మధ్య సన్నటి గీతలు చూసే పని ఉంది. దానికి గ్లాసు అక్కర్లేదు.